నీళ్ళు ఎంతవరకు వచ్చాయి? ఆ కొలత తీసుకుని రండి



ఆగస్టు 30, శనివారం మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బ్రాంచీల 6 నుంచి 9 తరగతుల పిల్లలు కోదాడ క్యాంపస్‌లో ఒకరోజు డేటా, ఏఐ సదస్సు జరుపుకుంటున్నారు. వినాయక చవితి అయిన మూడు రోజులకే కాబట్టి మీకు తీరిక తక్కువని తెలుసు. అయినా రమ్మని అడుగుతున్నాను. మామూలుగా స్కూల్ ఫంక్షన్‌కు పిలిస్తే మీరు వచ్చి కుర్చీల్లో కూర్చుని, పిల్లల్ని ఫొటో తీసుకుని వెళ్తారు. ఈసారి మీ చేత కొంచెం పని చేయించుకుంటాం. ఆ పని ఏమిటో, ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం. టైమ్‌టేబుల్, బస్సుల వివరాలు ఇంగ్లీషు పేజీలో ఉన్నాయి.

అసలు ఇదంతా స్వాగత ఉపన్యాసంతో మొదలైంది. వచ్చే అతిథులకు స్వాగతం చెప్పే పని ఎనిమిదో తరగతి అమ్మాయికి అప్పగించాం. మర్నాడే రెండు పేజీలు రాసుకొచ్చి క్లాసులో చదివింది. 'ఈ శుభ సందర్భంలో హాజరైన వారందరినీ స్వాగతించడం నాకు అపారమైన ఆనందాన్ని ఇస్తుంది' అని మొదలైంది. మూడో వాక్యంలో 'సూర్యాపేట జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల' అని వచ్చింది. వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి లేచాడు. "మేడమ్, మా అమ్మమ్మ వాళ్ళది మిర్యాలగూడ. అది నల్లగొండ జిల్లా గదా!"

ఆ అమ్మాయి ఏమీ దాచలేదు. "ఫోన్‌లో ఏఐని అడిగి రాసిన మేడమ్. అది అట్లనే ఇచ్చింది" అంది. నేను కోప్పడలేదు. నిజం చెప్పాలంటే నేను కూడా ఆ తప్పు పట్టుకోలేదు, వాక్యాలు ఎంత నున్నగా ఉన్నాయో అని వింటూ కూర్చున్నాను. ఆ రోజు ఇంగ్లీషు గ్రామర్ పీరియడ్ కాస్తా ఏఐ పాఠమైంది.

యంత్రం ఆ తప్పు ఎందుకు చేసి ఉంటుంది? ఇలా రాసిపెట్టే ఏఐకి మిర్యాలగూడ ఎక్కడుందో మనకు తెలిసినట్టు తెలియదు. అది కోట్ల పేజీల రాతలు చదివి, ఏ మాట తర్వాత ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువో నేర్చుకుంటుంది. మన మూడు ఊళ్ళ పేర్లు వార్తల్లో తరచు కలిసే వస్తాయి. పైగా 2016 అక్టోబరు 11 దాకా ఈ మూడూ నల్లగొండ జిల్లావే. ఆ రోజు కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూర్యాపేట, కోదాడ ఒకవైపు వెళ్ళాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. పాత రాతల్లో ఒకటి, కొత్త రాతల్లో ఒకటి. యంత్రం రెండూ కలిపి వండింది. మనిషైతే "సరిగ్గా తెలియదు" అని ఆగుతాడు. ఇది చాలాసార్లు ఆగదు, తప్పును కూడా ఒప్పు చెప్పినంత ధీమాగానే చెబుతుంది.

ఇక్కడ భాష సంగతి కూడా ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు మన దేశంలో 8 కోట్లకు పైగా. కానీ ఇంటర్నెట్‌లో చదవడానికి దొరికే తెలుగు ఆ లెక్కకు తగ్గట్టు లేదు. ఇంగ్లీషు వికీపీడియాలో సుమారు 70 లక్షల వ్యాసాలుంటే, 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో సుమారు లక్ష. మనం మాట్లాడతాం, వాట్సాప్‌లో ఆడియో పంపుతాం, రాసిపెట్టం. రాయనిది యంత్రానికి తెలిసే దారి లేదు. ఇంగ్లీషు మీడియం టీచర్‌ని అయ్యుండి నేనీ మాట అంటే మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, కానీ మాట నిజం.

మర్నాడు క్లాసుకు ఒక చాట, పావుకిలో బియ్యం పట్టుకెళ్ళాను. మిర్యాలగూడ బ్రాంచి తల్లిదండ్రులకు రైస్ మిల్లుల్లో సార్టెక్స్ మిషన్ గురించి నేను చెప్పాల్సిన పనిలేదు. బియ్యం గింజలు ఏటవాలు పళ్ళెం మీదుగా జారిపడుతుంటే కెమెరాలు ఒక్కో గింజనూ చూస్తాయి. రంగు తేడా ఉన్న గింజ కనబడగానే ఒక గాలి పిచికారీ దాన్ని పక్కకు కొడుతుంది. మన అమ్మమ్మలు చాటలో చేసే పనే, వేగం వేరు. అయితే ఏ గింజ మంచిది, ఏది కాదు అని ముందుగా హద్దు పెట్టేది మనిషే.

పిల్లలకు చెరో ఇరవై గింజలు ఇచ్చి 'మంచిది', 'తీసేయాలి' అని రెండు కుప్పలు చేయమన్నాను. నల్ల గింజ, రాయి, వడ్ల గింజ దగ్గర గొడవ లేదు. నూక దగ్గర మొదలైంది. "సగం విరిగింది మంచిదేనా?" "మా ఇంట్లో నూకలతో ఉప్మా చేస్తరు, తీసేయం!" తెల్లగా సున్నంలా ఉన్న గింజను ముగ్గురు మంచిదన్నారు, ఇద్దరు కాదన్నారు. ఒకే గింజకు రెండు పేర్లు పెట్టి యంత్రానికి చూపిస్తే అదేం నేర్చుకుంటుంది? ఏఐలో పేరు పెట్టడమే పెద్ద పని అని వాళ్ళకు ఆ పది నిమిషాల్లో అర్థమైంది. మేము బీఈడీలో నేర్చుకున్న ఏ లెసన్ ప్లాన్ కన్నా ఆ చాట బాగా పనిచేసింది.

ఇక మనం అసలు విషయానికి వద్దాం.

2024 సెప్టెంబరు 5, 6 తేదీల్లో హైదరాబాదు హెచ్‌ఐసీసీలో తెలంగాణ ప్రభుత్వం గ్లోబల్ ఏఐ సమ్మిట్ నిర్వహించింది. ఏఐ అందరికీ పనికొచ్చేలా చేయాలన్నది దాని ప్రధానాంశం. దేశవిదేశాల నుంచి నిపుణులు, కంపెనీలవాళ్ళు వచ్చారు. 200 ఎకరాల్లో ఏఐ సిటీ కడతామన్నారు, రాష్ట్రానికి ఏఐ రోడ్‌మ్యాప్ విడుదల చేశారు. 2020ని ఏఐ సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి మన రాష్ట్రం ఈ దారిలోనే ఉంది. సమ్మిట్ మొదటి రోజు ఉపాధ్యాయ దినోత్సవం కూడా. అయితే ఆ ఏడు ఆ రోజు మనం ఏం చేస్తున్నామో కోదాడ వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. బురద కడుగుతున్నాం.

అంతకు నాలుగు రోజుల ముందు, సెప్టెంబరు 1 ఆదివారం. ముందురోజు నుంచి కురిసిన వానకు కోదాడలో కాలనీలు మునిగాయి, కార్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. హైదరాబాదు–విజయవాడ హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. 2వ తేదీన ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సూర్యాపేట, ఖమ్మం జిల్లాల్లో వరద ప్రాంతాలు చూశారు. 5వ తేదీన ఆయనే సమ్మిట్‌ను ప్రారంభించారు. నేను ఇక్కడ ఎవరినీ తప్పు పట్టడం లేదు. ఒకే వారంలో జరిగిన ఆ రెండు సంగతులను పక్కపక్కన పెట్టి పిల్లలు అడిగిన ప్రశ్న మీకు చెప్పాలని. "మేడమ్, ఏఐ అంత తెలివైనదైతే మన బజార్లోకి నీళ్ళొస్తయని ఎందుకు చెప్పలే?"

దీనికి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చదువుకుని వచ్చి చెప్పింది ఇది.

వరదల అంచనాకు ఏఐ వాడుతున్నారు. గూగుల్ సంస్థ 2018లో పట్నాలో ఈ పని మొదలుపెట్టి తర్వాత విస్తరించింది. కొలిచే సాధనాలు లేని నదులకు కూడా ఐదు రోజుల ముందు వరకు అంచనా ఇవ్వవచ్చని 2024 మార్చిలో నేచర్ పత్రికలో వ్యాసం ప్రచురించింది. మంచి పనే. కానీ అది నదుల లెక్క. చెరువు అలుగు దూకి, వాగు దాటి, మోరీ చాలక బజార్లోకి వచ్చే నీళ్ళ లెక్క వేరు. వాన ఎంత పడిందో కొలిచే ఆటోమేటిక్ కేంద్రాలు మన రాష్ట్రంలో వెయ్యికి పైగా ఉన్నాయి, రోజూ మండలాల వారీగా అంకెలు వస్తాయి. అంటే ఆకాశం నుంచి ఎంత పడిందో తెలుసు. పడ్డది ఏ వీధిలో ఎంత ఎత్తు నిలబడిందో, ఎన్ని గంటలకు వచ్చి ఎన్ని గంటలకు పోయిందో ఎక్కువగా మన తలల్లోనే ఉంది. మీ ఇంటి గోడ మీద కూడా ఉందేమో, సున్నం వేసి ఉండకపోతే.

వాన లెక్క పిల్లలతో ఇంట్లో ఒకసారి చేయించండి, కష్టమేమీ లేదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. 200 గజాల ఇంటి స్థలం సుమారు 167 చదరపు మీటర్లు. 10 సెంటీమీటర్లు, అంటే 100 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ఒక్క స్థలం మీదే 16,700 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు నిండి ఇంకా మిగులుతుంది. ఒక కాలనీలో అలాంటి స్థలాలు ఎన్ని ఉన్నాయో, వాటి నీళ్ళన్నీ ఏ మోరీలోకి పోవాలో లెక్కపెట్టుకోండి. మా ఏడో తరగతి వాళ్ళు లెక్కకట్టి, కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత పిల్లల్ని వాళ్ళ ఇళ్ళలో నీళ్ళు ఎంత వచ్చాయో అడిగి రమ్మన్నాం. వచ్చిన జవాబులు చూడండి: 'బాగా వచ్చినయ్', 'మోకాలు దాకా', 'బండి మునిగింది', 'మంచం మీదికి రాలే'. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ఇది డేటా కాదు. మోకాలు దాకా అంటే ఎవరి మోకాలు? టేపు తెచ్చి కొలిచాం. ఆరో తరగతి పిల్లవాడి మోకాలు 38 సెంటీమీటర్లు, మా పీఈటీ సార్‌ది 53. పదిహేను సెంటీమీటర్ల తేడా. వంటింట్లో స్టవ్ బర్నర్‌కు పైనా కిందా అన్నంత తేడా.

ఇంకో చిక్కు. ఎక్కడి నుంచి కొలవాలి? కొన్ని ఇళ్ళు రోడ్డు కన్నా మూడు మెట్లు ఎత్తు, కొన్ని రోడ్డు కన్నా దిగువ. గచ్చు మీద నుంచి కొలిస్తే పక్కపక్క ఇళ్ళకే పోలిక కుదరదు. కాబట్టి అందరూ ఇంటి ముందు రోడ్డు మీది నుంచి నీటి గీత వరకు కొలవాలని నిర్ణయించుకున్నాం. రోడ్డు కూడా వంకరే కదా అని తొమ్మిదో తరగతి వాళ్ళు వాదించారు. వాళ్ళదే సరి. దానికి మేస్త్రీలు వాడే నీళ్ళ పైపు ఉంది. సన్నటి తెల్ల పైపులో నీళ్ళు నింపి రెండు కొసలు ఎత్తి పట్టుకుంటే రెండు చోట్లా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. మన పిల్లల తండ్రుల్లో ఒక మేస్త్రీ గారు ఉన్నారు. శనివారం ఉదయం ఆయన వచ్చి పిల్లలకు అది చూపిస్తానన్నారు. ఆ రోజు మా సదస్సులో మొదటి వక్త ఆయనే.

ఈ కొలతలతో ఏం చేస్తాం? పెద్ద చార్టు మీద కాలనీ పటం గీసి, కొలతలను చుక్కలుగా పెడతాం. ఆ తర్వాతిది అసలు ఆట. ఒక పది ఇళ్ళ కొలతలు కాగితం అంటించి దాచేస్తాం. చుట్టుపక్కల ఇళ్ళ కొలతలు చూసి ఆ పది ఇళ్ళలో నీళ్ళు ఎంత వచ్చి ఉంటాయో పిల్లలు అంచనా వేయాలి. దగ్గరి ఇళ్ళ సగటు తీస్తారా, దిగువనున్న వాటికి ఎక్కువ కలుపుతారా, వాళ్ళ ఇష్టం. చివర కాగితాలు తీసి ఎంత తప్పారో కొలుస్తారు. మొదట ట్రయల్‌గా ఒక బజారుకు చేస్తే తొమ్మిదో తరగతి టీము ఒక ఇంటి దగ్గర 40 సెంటీమీటర్లు తప్పింది. ఎందుకంటే ఆ ఇంటి వెనక కొత్తగా కాంపౌండ్ వాల్ కట్టారు, నీళ్ళు అక్కడ నిలిచిపోయాయి. ఆ గోడ సంగతి పటంలో లేదు. కంప్యూటర్‌లో ఏఐని తయారుచేసేవాళ్ళు చేసేది కూడా ఇంతే: కొంత డేటాతో నేర్పడం, దాచిన డేటాతో పరీక్ష పెట్టడం, ఎక్కడ తప్పిందో వెతకడం. గోడ సంగతి చెప్పగలిగేది ఆ బజారు మనిషే. అందుకే మిమ్మల్ని పిలుస్తున్నాం.

మన ప్రాంతాల్లో ఏఐ పనికొచ్చిన ఉదాహరణ లేదా అని మీరు అడగవచ్చు. పక్కనే ఉంది. ఖమ్మం జిల్లాలో 'సాగు బాగు' పేరుతో 7,000 మంది మిర్చి రైతులతో రాష్ట్ర ప్రభుత్వం, వరల్డ్ ఎకనామిక్ ఫోరం కలిసి ఒక ప్రాజెక్టు నడిపాయి. తెలుగులో ఫోన్‌కు సలహాలు, త్వరగా మట్టి పరీక్ష, కాయ నాణ్యతను ఏఐతో చూడడం. ఎకరానికి దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందుల వాడకం 9 శాతం తగ్గిందని ఫోరం ప్రకటించింది. అక్కడ పనిచేసింది యంత్రం ఒక్కటే కాదు. ఆ రైతుల పొలాల వివరాలు, వాళ్ళ భాషలో అందిన సలహాలు కూడా.

మీ ఫోన్లలో పిల్లలు ఏఐ వాడటం గురించి పేరెంట్ మీటింగుల్లో చాలామంది అడుగుతున్నారు. నా అభిప్రాయం దాచుకోను. ఒక చోట ఆగిపోతే అడిగి తెలుసుకోవడానికి వాడనివ్వండి, పక్కన మీరుండండి. ఈ యాప్‌లలో చాలావాటికి వయసు నిబంధనలు ఉంటాయి, చూడండి. హోంవర్క్ మొత్తం దానితో రాయించుకొస్తే మాత్రం నేను మార్కులు ఇవ్వను. తప్పులతో నిండిన సొంత పేజీ నాకు పనికొస్తుంది, ఎక్కడ చెప్పాలో దాంట్లో కనబడుతుంది. నున్నటి పేజీలో పిల్ల నాకు కనబడదు. 'ఏఐ కోర్సు' అని ఇప్పుడు ట్యూషన్ బోర్డుల మీద కూడా రాస్తున్నారు. ఫీజు కట్టేముందు అక్కడ పిల్లలు దేన్ని కొలుస్తారో, దేన్ని సరిచూస్తారో అడగండి.

ఇంకో మాట, ఇది ముఖ్యం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వాళ్ళను పిల్లలుగానే చూస్తుంది, వాళ్ళ డేటా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. మా పటం మీద పేర్లు, ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు ఏవీ ఉండవు. చుక్క, అంకె, సమయం అంతే. ఆ కొలతల్ని మేము ఏ ఏఐ యాప్‌లోకీ ఎక్కించం. ఒక ప్రతి మున్సిపల్ ఆఫీసులో ఇవ్వాలని పిల్లలు పట్టుబడుతున్నారు, దానికి మీ అందరి అనుమతి అడుగుతాం. ఇష్టం లేనివారు ఇవ్వనక్కర్లేదు, కారణం చెప్పనక్కర్లేదు. ఆ వరదలో మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళకు పిల్లలెవరూ కొలతల కోసం వెళ్ళరు. ఆ సంగతి వాళ్ళకు గట్టిగా చెప్పాం.

సూర్యాపేట, మిర్యాలగూడ వాళ్ళు 'మా ఇంట్లోకి నీళ్ళు రాలేదు, మేమెందుకు' అనుకోవద్దు. నీళ్ళు రాని చోటు కూడా డేటానే. సున్నా అని రాసి తెండి. వచ్చిన ఇళ్ళు మాత్రమే పటంలో ఉంటే ఊరంతా మునిగినట్టు కనబడుతుంది. అది కూడా మిర్యాలగూడ జిల్లా మార్చినంత తప్పే.

మన అమ్మాయి స్వాగతం మళ్ళీ రాసింది. ఈసారి అర పేజీ. జిల్లాల పేర్లు ఇంట్లో తాతయ్యను అడిగి, తర్వాత నాకు చూపించి రాసింది. 'అందరికీ నమస్కారం. మీరు దూరం నుంచి వచ్చారు, ముందు మంచినీళ్ళు తాగండి. తర్వాత గేటు దగ్గరున్న టేబుల్ మీద మీ కొలత రాయండి. గుర్తు లేకపోతే గుర్తు లేదని రాయండి, అది కూడా మాకు కావాలి' అని మొదలవుతుంది. మిగతాది మీరు ఆ రోజు వినండి.

కొలత ఫారం పిల్లల డైరీలో అంటించి పంపాం. రోడ్డు నుంచి నీటి గీత వరకు సెంటీమీటర్లలో ఎత్తు, నీళ్ళు వచ్చిన సమయం, చూసింది ఎవరు, ఎంత కచ్చితంగా గుర్తుంది అన్నవి మాత్రమే రాయండి. ఇంట్లో టేపు లేకపోతే పిల్లల స్కేలు చాలు. నానమ్మలకు, తాతయ్యలకు అంతకు ముందు వచ్చిన నీళ్ళు కూడా గుర్తుంటాయి. సంవత్సరం చెప్పగలిగితే అవి ఫారం వెనకవైపు రాయించండి, వీలైతే వాళ్ళను కూడా తీసుకురండి. మెట్లు ఎక్కలేని వారికోసం కింది క్లాసురూములోనే కుర్చీలు వేయిస్తున్నాం.